పానశాలకు వచ్చిన సత్యవాది

యూజీన్ ఓనీల్ రచించిన ‘ది ఐస్‌మన్ కమెత్’ నాటకమున, పానశాల వెనుక గదిలోని ప్రతి బల్ల నడుమను ఒక సాండ్‌విచ్ ఉండును. దాని రొట్టె ఎండి బిగిసి ధూళిగప్పి యున్నది. లోపలి మాంసమో జున్నో ఏనాటిదో చెప్పుట కష్టము. దానిని తినుటకై ఎవరును అచ్చట నుంచలేదు. 1896లో న్యూయార్కు రాష్ట్రము చేసిన రెయిన్స్ శాసనము ననుసరించి, ఆదివారములందు మద్యము పోయు హక్కు భోజనము వడ్డించు హోటళ్లకు మాత్రమే కలదు గనుక, మేడమీద కొన్ని అద్దె గదులును బల్లమీద ఒక తినుబండారమును ఉన్నచో పానశాల భోజనశాల యగును, శాసనమునకు తృప్తి కలుగును. అది ఆహారము కాదని యజమానికి తెలియును, త్రాగువారికి తెలియును, ఆ వీథిని గస్తీ తిరుగు పోలీసువానికిని తెలియును. అయినను దానిని ఆహారమని అందరును సమ్మతించినందువలన ఆ యిల్లు నిలిచియున్నది. ఓనీల్ ఈ సంగతిని రంగనిర్దేశములో సంగ్రహముగ చెప్పి ముందునకు సాగిపోవును. నాకు మాత్రము నాలుగంకముల ఆ దీర్ఘనాటకమునకు బీజమంతయు ఆ ఎండిన రొట్టెలోనే ఇమిడియున్నట్లు తోచును.

కాలము 1912 వేసవి. ఆ పానశాల యజమాని హారీ హోప్ తన భార్య బెస్సీ పోయిన నాటినుండి ఇరువది యేండ్లుగా గడప దాటి వీథిలో నడుగిడలేదు. తన వార్డులో నొక్కమారు తిరిగి పాతమిత్రులను పలుకరించినచో నగరసభలో సభ్యత్వము తనను వరించునని ఆతని నమ్మకము, ఆ తిరుగుట మాత్రము ఎప్పుడును రాబోవు దినమునకే చెందినది. జిమ్మీ అను పూర్వ పత్రికావిలేఖరి బట్టలుతికించుకొని, గడ్డము గీయించుకొని, రేపే పోయి తన పాత ఉద్యోగమును తిరిగి అడుగగలడు. బోయరు యుద్ధమున ఎదురెదురు పక్షముల పోరాడిన ఇరువురు వృద్ధులు, ఇప్పుడు ఒకే సీసా పంచుకొనుచు, స్వదేశములకు పోవు ఓడను గూర్చి ముచ్చటింతురు. హార్వర్డులో న్యాయశాస్త్రము చదివిన విల్లీ ఓబన్ ఏదో యొకనాడు వకీలు కాగలడు. లంచపు వ్యవహారమున ఉద్యోగము పోగొట్టుకొన్న పోలీసు అధికారి మెక్‌గ్లాయిన్ తిరిగి విచారణ జరిపించుకొని నిర్దోషియై వెలువడగలడు. ఇద్దరు వేశ్యల సంపాదనను పుచ్చుకొను రాకీ తాను పానశాల పనివాడను మాత్రమేనని ప్రమాణము చేయును. చక్, కోరా అను మరియొక జంట పెండ్లియాడి పల్లెలో పొలము కొనవలెనని యేండ్లతరబడి తర్కించుకొందురు. వీరందరి నడుమ లారీ స్లేడ్ అను వృద్ధ విప్లవవాది కలడు. ఉద్యమమును విడిచి, లోకముపై ఆశ విడిచి, తాను కేవలము ప్రేక్షకుడననియు మృత్యువు కొరకే వేచియున్నాననియు ఆతడు చెప్పుకొనును. అదియు ఒక స్వప్నమేయని ఆతనికి నాటకాంతమున గాని తెలియదు.

ఈ మనుష్యులను ఓనీల్ ఊహనుండి సృష్టింపలేదు. ఆతడు తన యౌవనమున, ఇంటిని, వివాహమును, తండ్రి కీర్తిని వెనుకకు త్రోసి, న్యూయార్కు రేవు ప్రాంతమున ‘జిమ్మీ ద ప్రీస్ట్’ అని పిలువబడిన నికృష్టమైన సత్రములో నివసించి, 1912లో అచ్చటనే ప్రాణత్యాగమునకు యత్నించి బ్రదికినవాడు. అచ్చట ఆతనికి మిత్రుడైన జేమ్స్ బైత్ అను పత్రికారచయిత అదే సత్రపు కిటికీనుండి పడి మరణించెను. ఆతని నీడయే నాటకములోని జిమ్మీ. తాను చూచిన దానిని ఇరువదియేడేండ్లు మనస్సున నిలుపుకొని, నోబెల్ బహుమానము నందిన పిదప, కాలిఫోర్నియా కొండలలోని తన ఏకాంతగృహమున 1939లో, ఐరోపాలో రెండవ మహాయుద్ధము రాజుకొనుచున్న నెలలలో, ఆతడు ఈ నాటకమును వ్రాసెను. యుద్ధము ముగియువరకు దానిని ప్రదర్శింపనీయలేదు. 1946 అక్టోబరులో న్యూయార్కున మార్టిన్ బెక్ రంగశాలయందు ప్రదర్శించినప్పుడు, నాలుగు గంటలకు మించిన ఆ నాటకము 136 ప్రదర్శనలతో నిలిచిపోయెను. ఒకే భావమును 18 మారులు చెప్పితివని నిర్మాతలలో నొకరు ఆక్షేపింపగా, 18 మారులు చెప్పవలెననియే తన సంకల్పమని ఓనీల్ బదులుచెప్పినట్లు ప్రసిద్ధి. ఆ పునరుక్తిని నేను దోషముగ నెంచలేను. మనుష్యుడు తన భ్రాంతిని ఒక్కమారు చెప్పి ఊరకుండడు. దినమునకు పలుమారులు, అవే మాటలతో, అదే స్వరముతో, ఎదుటివాని కన్నులలో అంగీకారము కన్పించువరకు చెప్పుచునే యుండును.

భ్రాంతికి ఎదుటివాని అంగీకారము కావలసియుండుట ఈ నాటకములో నన్ను అన్నిటికంటె మిన్నగా ఆకర్షించిన విషయము. మన వేదాంతులు సత్తను ప్రాతిభాసికము, వ్యావహారికము, పారమార్థికము అని మూడంతరువులుగ చెప్పియున్నారు. చీకటిలో త్రాటిని చూచి పామని బెదరిన ఏకాకి భయము మొదటిది. దీపము తెచ్చినంతనే అది నశించును. పదిమంది కలసి నడపుకొను లోకవ్యవహారము రెండవది. దానిని దీపముతో చెరపుట సాధ్యము కాదు, ఏలయన దీపమును ఆ వ్యవహారములోనిదే. హోప్ పానశాలలో, ఒక్కొక్కని స్వప్నము ఆతని యొక్కనిదే యైనంతవరకు మొదటి అంతరువునకు చెందినది. కాని జిమ్మీ చెప్పు రేపటి ఉద్యోగమును హోప్ నమ్మినట్లు తలయూపును, హోప్ చెప్పు ఎన్నికను జిమ్మీ నమ్మినట్లు ఆలకించును, అట్లు ఒకరికొకరు ప్రాణము పోసికొనగా ఆ కలలు క్రమముగ రెండవ అంతరువునకు ఎక్కి, ధనమువలె, పరువువలె, చెలామణి కాదొడగినవి. ఇది కేవలము ఆత్మవంచన యనువారు ఈ పరస్పర సంరక్షణములోని శ్రమను చూడనివారు. చిరకాలముగ విన్న కథనే మరల మరల విని, మొదట విన్నట్లు ముఖము పెట్టుట సులభమైన పని కాదు. దానిని స్నేహమనుటకు నేను సంకోచింపను.

మా యింట చినతాతగారొకరుండెడివారు. దాయాదులతో వ్యాజ్యములో పోయిన కాలువక్రింది మాగాణి వచ్చే సంక్రాంతిలోపల తిరిగి వచ్చునని, పైకోర్టులో తన అప్పీలు విచారణకు రానున్నదని, ఆయన మా బాల్యమంతయు చెప్పుచునే యుండెను. ఉదయసంధ్య ముగించుకొని అరుగుపై కూర్చుండి, ఎఱ్ఱగుడ్డలో కట్టిన ఆ దస్తావేజుల కట్టను విప్పి, ఒక్కొక్క కాగితమును ఎండలో పఱచి, మరల వరుస తప్పకుండ కట్టివేయుచుండును. మా నాయనమ్మ మజ్జిగ గ్లాసు ఆయన చెంత నుంచుచు, “ఆ చేను చేతికొచ్చాక కాలవగట్టున అరటి వేయించండి మరిదిగారూ” అనుచుండును. ఆయన తృప్తితో “చక్కెరకేళీ వేయిద్దాం వదినా” అనుచుండును. ఈ సంభాషణ నిత్యకృత్యము. ఒక వేసవిలో, క్రొత్తగ ప్లీడరుపరీక్ష నెగ్గిన బంధువుల కుఱ్ఱవాడొకడు వచ్చి, ఆ కాగితములను శ్రద్ధతో చదివి, “తాతగారూ, ఈ దావాకి కాలదోషం పట్టి చాలా ఏళ్లయింది, ఇంక చేసేదేమీ లేదు” అని చెప్పెను. ఆతడు చెప్పినది యథార్థము. ఆతని మనస్సున దురుద్దేశమేమియు లేదు. చినతాతగారు కోపపడలేదు, దుఃఖించినట్లును కనబడలేదు. మరునాడు నాయనమ్మ అలవాటు చొప్పున అరటి మాట ఎత్తగా, ఆయన తలయెత్తి ఆమెవైపు చూచిన చూపు నేటికిని నా కన్నులలో మెదలును. అన్నినాళ్లును వాత్సల్యముగ ఆయన చెవిని సోకిన ఆ పలుకే ఆనాడు పరిహాసముగ సోకినది. ఆ ఇద్దరి నడుమ అటుపిమ్మట అంతటి చనువుగల మాట నేను వినలేదు.

హోప్ పానశాలలో జరిగినదియు ఇదియే, ఎన్నియో రెట్లు ఘోరముగ. హోప్ జన్మదినమునకు ఏటేట వచ్చి, అందరికిని త్రాగించి, నవ్వించి పోవు హికీ అను చిరపరిచితుడు ఆ యేడు త్రాగకుండ వచ్చును. ఆతడు మతబోధకుని కుమారుడు, ఊరూర ఇనుపసామాను విక్రయించు వర్తకప్రతినిధి. తాను తన భ్రాంతిని విడిచితిననియు, దానితో పరిపూర్ణమైన శాంతి లభించినదనియు, మిత్రులందరికిని ఆ శాంతిని ప్రసాదింప వచ్చితిననియు ఆతడు ప్రకటించును. ఆతని పద్ధతి కేవలము ఉపదేశము కాదు. రేపు చేయుదునన్న పనిని నేడే చేయుమనును. బట్టలు తొడిగి, భుజము పట్టి, తలుపువరకు నడిపించును. చేయబోయి చేయలేకపోయినప్పుడు మనుష్యుడు తన్ను తాను తెలిసికొనును, తెలిసికొన్నచో రేపటి భారము దిగిపోవును, భారము దిగినచో శాంతి: ఇదియే ఆతని తర్కము. తన వృత్తిలో తనకు సిద్ధించిన నేర్పు నాతడు తుదకు తానే వెల్లడించును. ఎదుటివాడు తన్నుగూర్చి తాను ఏమి నమ్మదలచెనో ఇట్టే కనిపెట్టి, ఆ నమ్మకమును ఆతనికి చూపి, దానితోపాటు సరకును అంటగట్టుట ఆతని విద్య. నేడు సరకు మాఱినది, సత్యము సరకైనది. విద్య మాత్రము మాఱలేదు.

మూడవ అంకమున వారందరును ఒక్కరొక్కరుగ వెలుపలికి పోవుదురు. హోప్ నిష్క్రమణమును ఓనీల్ చిత్రించిన తీరు చదివినప్పుడెల్ల నా గుండె బరువెక్కును. ఇరువది యేండ్ల పిమ్మట ఆ వృద్ధుడు గడప దాటును, వీథి సగమువరకు పోవును, సగములో ఆగిపోవును, మరుక్షణమున వణకుచు లోనికి పరుగెత్తివచ్చి, ఒక మోటారుకారు తనను త్రొక్కబోయినదని అఱచును. ఆ వీథిలో కారేదియు రాలేదని లోపలివారు కన్నులార చూచియుండిరి. ఆతని చివరి అబద్ధము అది. దానికి తలయూపువారు ఈమారు లేరు. ఒప్పందము భగ్నమైన పిమ్మట స్నేహమును భగ్నమగును. బోయరు యుద్ధపు వృద్ధులిద్దరును పాత శత్రుత్వమును త్రవ్వుకొందురు. రాకీ, ఆ స్త్రీలు, ఒకరినొకరు నిజమైన పేళ్లతో తిట్టుకొందురు. అంతకంటె ఆశ్చర్యకరమైన దింకొకటి జరుగును: వారు త్రాగు మద్యమునకు మత్తు పోవును. ఎన్ని గ్లాసులు పోసికొన్నను నీరువలె దిగిపోవును. మద్యము వారిని బ్రదికించుచున్నదని మనము తలచుచుంటిమి. మద్యమునకు ప్రాణము పోయుచున్నది ఆ కలలేయని ఓనీల్ చూపించెను.

మహాభారతమున, గాండీవనింద సహింపక అన్నను వధింపబోయిన అర్జునునికి, శ్రీకృష్ణుడు కౌశికుడను తాపసుని కథ చెప్పును. సత్యమే పలుకుదునని వ్రతము పూనిన ఆ బ్రాహ్మణుడు, దొంగలకు వెఱచి అడవిలో దాగినవారి జాడను, ఆ దొంగలడుగగా, సత్యవ్రతభంగమునకు జంకి చెప్పివేసి, వారి చావునకు కారణమై నరకము చెందెను. హికీని గూర్చి యోచించునపుడెల్ల ఈ కథ నా మనస్సునకు వచ్చును. వెంటనే ఒక భేదమును స్ఫురించును. కౌశికుని నోట వెలువడినది సత్యమే, దాని ప్రయోగమునందే దోషము. హికీ నోట వెలువడినది సత్యమా? మన శాస్త్రములు బ్రహ్మవిద్య నుపదేశించుటకు శిష్యుని అధికారమును పరీక్షింపుమన్నవి. ఆచార్యుడు తాను తరించినవాడై యుండవలెనన్నవి. శిష్యులు అడుగక యున్నను వెంటబడి తరింపజేయువాని ఆతురత యేమో, ఆ శాంతికి అందరి సాక్ష్యము ఆతనికేల కావలసెనో, ఓనీల్ ఒక్కొక్క పొరగ విప్పును. రెండవ అంకము తుదిని ఆతని భార్య ఎవలిన్ మరణించినదని తెలియును. మూడవ అంకము తుదిని ఆమె హత్య చేయబడినదని తెలియును. నాలుగవ అంకమున ఆతడే చంపెనని తెలియును.

ఆ నాలుగవ అంకములోని హికీ ఆత్మనివేదనము ఆధునిక రంగస్థలమున మిక్కిలి దీర్ఘములైన ప్రసంగములలో నొకటి. చిన్ననాటినుండి తనను నమ్మిన ఎవలిన్ తన ప్రతి తప్పును క్షమించెననియు, త్రాగి, వ్యభిచరించి, రోగము తెచ్చి యిచ్చినను క్షమించెననియు, రేపు ఆతడు మాఱునని ఆమె ఎన్నటికిని విశ్వసించెననియు, ఆ క్షమయొక్క భారము తాను మోయలేకపోతిననియు, ఆమెను ఆ ఆశనుండి విముక్తురాలిని చేయుటకై నిద్రలో కాల్చితిననియు, అది ప్రేమచేతనే చేసితిననియు ఆతడు చెప్పుచు పోవును. చెప్పి చెప్పి, ఆమె శవముపై నిలిచి తాను నవ్వుచు పలికిన ద్వేషపూరితమైన దూషణవాక్యము తన నోటినుండి తనకు తెలియకయే వెలువడగా దిగ్భ్రాంతుడగును. అంతవరకు సత్యవాదిగ తిరిగినవాడు, ఇన్ని దినములు దాచుకొన్న సత్యము ఆ ఒక్క వాక్యమే. ఇతరుల భ్రాంతులను అంతటి తీవ్రతతో పెఱికినది తన భ్రాంతిని పెఱుకకుండుటకే. అందరును కలలు విడిచి శాంతినొందినచో, ఎవలిన్ కలను మృత్యువుతో ముగించుటయు దయయే యని నిరూపితమగును. వారు శాంతింపకున్నచో అది వట్టి హత్య. ఆ పానశాలలోని మనుష్యులు ఆతని న్యాయస్థానములోని సాక్షులు.

యుద్ధానంతరమున నాలుగేండ్లలోపల అమెరికను రంగస్థలమునకు ఇట్టి నాటకములు వరుసగ వచ్చుట యాదృచ్ఛికమని నాకు తోచదు. 1947లో టెనెసీ విలియమ్స్ బ్లాంచి పాత్రచే విద్యుద్దీపమునకు కాగితపుతొడుగు వేయించెను, 1949లో ఆర్థర్ మిల్లర్ విల్లీ లోమన్ అను మరియొక వర్తకప్రతినిధిని సృష్టించెను. అంతకుముందే ఇబ్సెన్ 1884లో ‘వైల్డ్ డక్’ నాటకమున సత్యప్రియుడైన యువకుడొకడు ఒక కుటుంబమును కూల్చిన కథ చెప్పియుండెను. గోర్కీ 1902లో సత్రపు నిరాశ్రయులను రంగమెక్కించియుండెను. ఓనీల్ వీరికి ఋణపడెనని విమర్శకులు చెప్పుదురు, చెప్పవచ్చును. కాని ఇబ్సెన్ సత్యప్రియుడు అవివేకి మాత్రమే, హంతకుడు కాడు. సత్యము చెప్పు ఉత్సాహములో ద్వేషము దాగియుండవచ్చునను భయంకరమైన అనుమానము నాకు ఓనీల్‌నుండియే కలిగినది. నాటి ఆ యువప్లీడరు నిర్దోషియని నేను నమ్ముదును. అయినను అప్పటినుండి, ఎదుటివాని మేలుకొరకు ఒక కటుసత్యము చెప్పబోవునపుడు, ఆ మేలు ఎవరిదని నన్ను నేను ప్రశ్నించుకొనక నోరు విప్పలేకున్నాను.

భ్రాంతియే శరణ్యమని ఓనీల్ తేల్చెనందురా? లారీని చూడవలెను. తన తల్లిని, ఆమె విప్లవసహచరులను పోలీసులకు పట్టియిచ్చిన పారిట్ అను పదునెనిమిదేండ్ల బాలుడు, తల్లికి ఒకప్పటి ప్రియుడైన లారీ చెంతకు వచ్చి, నాటకమంతయు ఆతని వెంటబడి తీర్పును యాచించును. మొదట దేశభక్తియను, పిదప ధనమను; హికీ ఎవలిన్‌ను ద్వేషించినట్లు తాను తల్లిని ద్వేషించితినని తుదకు ఒప్పుకొనును. సత్యమును తానై కోరినవాడు ఆ యింట ఆతడొక్కడే. లారీ ఎంతో కాలము తప్పించుకొని, తప్పించుకొని, చివరకు వానిని పొమ్మనును. ఏ పోవుట అదియో ఇద్దరికిని తెలియును. బాలుడు కృతజ్ఞతతో మేడయెక్కి దూకును. ఇచ్చట సత్యము దయయే, తీర్పును దయయే, ఫలము మాత్రము మరణము. ప్రేక్షకుడనని చెప్పుకొన్న లారీ ఆ శబ్దము కొరకు చెవియొగ్గి కూర్చుండి, నిజముగ మృత్యువును కోరువాడగును. ఈ ఘట్టమునకు నావద్ద సమాధానము లేదు; ఏ సిద్ధాంతముతోను దీనిని సుఖముగ ముడివేయలేకపోతిని. 1956లో, ఓనీల్ గతించిన మూడేండ్లకు, హోసే కింటేరో దర్శకత్వమున జేసన్ రోబార్డ్స్ హికీగ నటింపగా ఈ నాటకము 565 ప్రదర్శనలు నడచినదనిన, పదియేండ్లలో ప్రేక్షకులు ఈ బరువును మోయుటకు సంసిద్ధులైరని నేను భావించుకొందును.

పారిట్ దూకుటకు కొంచెము ముందు, హికీని పట్టుకొనుటకు పోలీసులు వచ్చియుండగా, ఒక స్వల్పసంభాషణ జరుగును. ఆ దూషణవాక్యము తన నోట వెలువడిన పిమ్మట హికీ, తాను ఎవలిన్‌ను ప్రేమించినవాడే గనుక, అట్లన్నపుడు తనకు పిచ్చిపట్టి యుండవలెనని మొఱపెట్టుకొనును. ఆ మాటను హోప్ అందుకొనును. పిచ్చియైనచో ఇన్నాళ్లును ఈతడు మాకు చెప్పినదంతయు పిచ్చియే కదా, మేము ఆ వెఱ్ఱివానిని బాధపెట్టనొల్లక ఆతడు చెప్పినట్లు నటించితిమి కదా! హోప్ ఎచ్చటికి పోవుచున్నాడో హికీకి తక్షణమే తెలియును. పాత అలవాటుచే ఖండింపబోవును, హోప్ మరల తన కలలోనికి జారిపోవుచున్నాడని గద్దింపబోవును. ఖండించినచో తన పిచ్చియు నిలువదు. క్షణమాగి, ఔను హారీ, నాకు అప్పటినుండియు మతి లేదు, మీరందరును అది కనిపెట్టియే యుంటిరి అని ఒప్పుకొనును. పోలీసులు దీనిని శిక్ష తప్పించుకొను పన్నాగమనుకొందురు. తనకు మరణశిక్షయే కావలెనని హికీ వారితో వాదించును, ఎవలిన్‌ను ప్రేమించితినన్న ఒక్క మాట మాత్రము వదలడు. ఆ మాట నిలుచుటకు కావలసిన అబద్ధమును హోప్ ఆతనికిచ్చెను. వారి రేపటిని వారికి తిరిగి యిచ్చుటకు కావలసిన అబద్ధమును ఆతడు హోప్‌కిచ్చెను. విచారణలో ఆతని పిచ్చికి తామందరమును సాక్ష్యమిత్తుమని మిత్రులు వెనుకనుండి కేకవేయుదురు. ఆతనిని తీసికొనిపోయిన పిమ్మట హోప్ గ్లాసు నింపుకొని త్రాగును, ఈమారు మత్తు ఎక్కును.